టికెట్ లేని ట్రామ్

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో కాన్సాస్ సిటీలో ఉన్న మిస్సోరీ యూనివర్సిటీలో చేరాడు. కారు కొనను, ట్రామ్ ఉంది, దానికి టికెట్ కూడా అక్కర్లేదంటున్నాడు. నమ్మొచ్చా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: నమ్మొచ్చమ్మా. అక్కడి ట్రామ్ (వాళ్లు స్ట్రీట్‌కార్ అంటారు) 2016 మేలో మొదలైనప్పటి నుంచీ అందరికీ ఉచితమే. ఖర్చు భరించేది ఆ లైను చుట్టుపక్కల ప్రాంతం: దుకాణాల్లో కొనే వస్తువులపై 1 శాతం అదనపు పన్ను, ఆస్తులపై ప్రత్యేక పన్ను, దానికి అక్కడివాళ్లే ఓటేసి ఒప్పుకున్నారు. ఇది నాకు చాలా నచ్చిన సంగతి. మొదట రివర్ మార్కెట్ నుంచి యూనియన్ స్టేషన్ దాకా 2.2 మైళ్లే ఉండేది, 2025 అక్టోబరులో మెయిన్ స్ట్రీట్ మీదుగా ఇంకో 3.5 మైళ్లు పెంచి యూనివర్సిటీ దగ్గరికి తెచ్చారు. ప్లాట్‌ఫాం, బండి ఒకే ఎత్తులో ఉంటాయి కాబట్టి శనివారం సిటీ మార్కెట్‌లో కూరగాయలు కొని, చక్రాల బ్యాగు ఎత్తకుండానే లోపలికి లాక్కెళ్లొచ్చు.

ఒక్కటి చూసుకోమనండి. ఇల్లు లైనుకు నడిచే దూరంలో ఉండాలి. రేపు శివార్లలో ఉద్యోగం వస్తే మాత్రం కారు తప్పదు, ట్రామ్ అంత దూరం వెళ్లదు.