తాగి నడుపుతున్నాడని అనుమానమా? తాళం లాక్కోకండి, 112కి చెప్పండి

ప్రశ్న: రాత్రి పదకొండు దాటాక రుషికొండ నుంచి బీచ్‌రోడ్డులో వస్తుంటే నా ముందు కారు డివైడరు మీదికి పోబోతూ, మళ్లీ ఇవతలికి వస్తూ వంకర్లు తిరిగింది. డ్రైవరు తాగున్నాడనే అనిపించింది. ఇలాంటప్పుడు బండి అడ్డంపెట్టి తాళం లాక్కోవచ్చా? ఫోన్ చేస్తే కోర్టు చుట్టూ తిప్పుతారా? తాగలేదని తేలితే నామీద కేసు పెడతారా? – ఒక పాఠకుడు, సాగర్‌నగర్

జవాబు: తాళం జోలికి వెళ్లొద్దు. పోలీసు కాని మనిషి ఎవరినైనా పట్టుకోవాలంటే అది కళ్లెదుట జరిగిన, వారెంటు అక్కర్లేని, బెయిలు హక్కుగా దొరకని నేరమై ఉండాలి (నేర విచారణ పద్ధతుల చట్టం బీఎన్ఎస్ఎస్, సెక్షన్ 40). తాగి నడపడం బెయిలబుల్ నేరం, అంటే బెయిలు హక్కుగా దొరికేది, కాబట్టి ఈ లెక్కలోకి రాదు. దారికి అడ్డం నిలబడితే ఎదురు కేసు మీమీదే పడొచ్చు.

మీరు చేయాల్సింది 112కి ఫోన్, అదీ అప్పటికప్పుడే. 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. మించి మద్యం ఉందని బ్రీత్ ఎనలైజరో, ల్యాబ్ పరీక్షో చూపితేనే మద్యం విషయంలో మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 కేసు నిలుస్తుంది. గంటలు గడిచేకొద్దీ ఆ అంకె దిగిపోతుంది. మర్నాడు వాట్సాప్‌లో పెట్టిన వీడియో ఎంత స్పష్టంగా ఉన్నా, నిన్న రాత్రి అతనిచేత ఊదించలేదు కదా!

ఫోన్‌లో ‘తాగాడు’ అనకండి, చూసింది చెప్పండి: ‘తెల్ల కారు, హెడ్‌లైట్లు లేవు, తెన్నేటి పార్కు దాటి ఆర్కే బీచ్ వైపు పోతోంది, రెండుసార్లు డివైడరుకి తగలబోయింది.’ ఎటు పోతోందో తెలిస్తేనే పోలీసులు ముందున్న జంక్షన్‌లో ఆపగలరు. బండి నంబరులో ఏపీ 39 ఒక్కటీ చెబితే లాభం లేదు, ఆ కోడ్ రాష్ట్రమంతటిదీ. అక్షరాలు, చివరి నాలుగంకెలు కావాలి. షుగరు పడిపోయినవాడు, నిద్ర కమ్మినవాడు కూడా ఇలాగే నడుపుతారు. వాళ్లనూ ఆపాల్సిందే.

బండి పక్కన ఆపాకే ఫోన్ తీయండి. చేత్తో ఫోన్ పట్టుకుని నడపడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 184 కింద మీ నేరమవుతుంది. వెంటపడొద్దు.

యూనిఫాంలోని పోలీసు అధికారికి సహేతుకమైన అనుమానం ఉంటే అదే చట్టం సెక్షన్ 203 కింద ఊదమని అడగొచ్చు, మీ కాల్ అందుకు ఆధారం కాగలదు. కేసుకు అసలు సాక్ష్యం మిషన్ రీడింగే కాబట్టి మామూలుగా మీతో పని పడదు. సమాచారం ఎవరిచ్చారో చెప్పాలని పోలీసును బలవంతపెట్టడానికీ వీల్లేదు (సాక్ష్యాల చట్టం బీఎస్ఏ, సెక్షన్ 131). తాగలేదని తేలినా భయం లేదు. అబద్ధమని తెలిసీ చెబితేనే నేరాలకు శిక్షల చట్టం బీఎన్ఎస్, సెక్షన్ 217. పక్కింటాయన మీద కక్షతో చేసే ఫోన్లకు మాత్రం ఇది తగులుతుంది.

ఈలోగా ఆ కారు ఎవరినైనా గుద్దితే, గాయపడ్డవారిని ఆసుపత్రికి చేర్చినందుకు మీ పేరు చెప్పి తీరాలని ఎవరూ ఒత్తిడి చేయకూడదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 134ఏ, దాని కింద 2020లో వచ్చిన నిబంధనలు ఆ రక్షణ ఇస్తాయి.