అయిదింటికే లైట్లు వెయ్యి

చి.ల.సౌ. అమ్మాయికి ఆశీస్సులు.

మతిమరుపు జబ్బున్న మీ అత్తగారు పొద్దుగూకేసరికి "మా ఇంటికి పోతా" అని గుమ్మం దగ్గర పేచీ పెడుతున్నారని రాశావు. సాయంత్రం అయిదున్నరకి ఆవిడ కుర్చీలో నువ్వో పావుగంట కూర్చో. ఏం కనిపిస్తోందో, ఏం వినిపిస్తోందో గమనించు.

చీకటి పడ్డాకే లైటు వెయ్యడం మన అలవాటు. మతిమరుపు జబ్బున్నవాళ్లకి అప్పటికే ఆలస్యం. మసక వెలుతుర్లో గోడమీది నీడలు మనుషుల్లా తోస్తాయి. అయిదింటికే ట్యూబులైట్లు వేసి, ఆ తర్వాత కర్టెన్లు మూసెయ్, లేకపోతే కిటికీ అద్దంలో ఆవిడ రూపమే ఆవిడకి పరాయి మనిషై కనిపిస్తుంది. "ఎవరో ఇంట్లో దూరారు" అంటుంటే బీరువా అద్దానికి పాత చీర కప్పి చూడు.

గుమ్మంలో నల్ల డోర్‌మ్యాట్ ఉందా? ఆ కళ్ళకి అది గొయ్యి. ఆవిడ దాటరు, మనం చెయ్యి పట్టి లాగుతాం, ఆవిడ కొడతారు. కోపిష్ఠి అని పేరు ఆవిడకి, తప్పు మ్యాట్‌ది! నేల రంగులో కలిసిపోయేది వెయ్యి. బాత్రూంలో మాత్రం దీనికి తలకిందులు: తెల్ల టైల్స్ మధ్య తెల్ల కమోడ్ కంటికి ఆనదు, ముదురు నీలం సీటు బిగించు. లోపలి గడియ ఊడదీయించు. పడుకున్నచోటి నుంచే బాత్రూం తలుపు కనబడేలా మంచం జరిపి, రాత్రంతా అక్కడ జీరో బల్బు ఉంచు.

కుక్కర్ విజిల్, మిక్సీ, టీవీ సీరియల్ ఒకేసారి మోగకూడదు. సీరియల్లో తగువు మన ఇంట్లోదే అనుకుంటారు. పచ్చడి మధ్యాహ్నమే రుబ్బేసుకో.

చెప్పులు, చేతిసంచీ గుమ్మం దగ్గర కనబడితే బయల్దేరాలనే అనిపిస్తుంది. లోపల పెట్టు. "ఇదే మీ ఇల్లు" అని వాదించకు, "ఆ ఇంట్లో బావి ఎటువైపుండేది?" అని అడుగు. బయట తాళం వేసి మాత్రం ఎప్పుడూ వెళ్ళకు.

మూడు నెలలకో కొడుకింట్లో అని వంతులు వేసుకోవడం నాకు బొత్తిగా నచ్చదు. తప్పదంటే అదే మంచం, అదే దుప్పటి, అదే స్టీలు గ్లాసు వెంట వెళ్ళాలి.

రెండ్రోజుల్లో హఠాత్తుగా మనిషి మారిపోతే ఇల్లు సర్దుతూ కూర్చోకు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, నొప్పి, కొత్త మాత్ర, ఏదైనా కావచ్చు. ఆ రోజే డాక్టరుకి చూపించు.

ఇవన్నీ ఒక్కరోజే చెయ్యకు, ఉన్న ఇల్లే ఆవిడకి కొత్తదైపోతుంది. ముందు లైట్లు. వారంపాటు పేచీ ఎన్నింటికి మొదలైందో క్యాలెండరు మీద రాసుకుని, ఆ తర్వాత మ్యాట్ సంగతి చూడు.