తిరగబెట్టే పొదుగువాపు: పాల పరీక్షలో ఏం తెలుస్తుంది?

ప్రశ్న: మా గేదెకు వెనుక కుడి చన్ను గట్టిపడి, పాలలో ముక్కలు వస్తున్నాయి. ఇంజెక్షన్లు వేయిస్తే తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. పాలు ల్యాబుకు పంపమని డాక్టరు గారు అంటున్నారు. ఏ సూక్ష్మజీవి అయినా ఇచ్చేది యాంటీబయాటిక్ మందే కదా, దాని పేరు తెలిస్తే మాకేం లాభం?

జవాబు: డాక్టరు గారి మాట వినండి. పొదుగువాపు కలిగించే బాక్టీరియాలు చాలా ఉన్నాయి. పైకి వాపు ఒకేలా ఉన్నా, ఒకదానికి పనిచేసిన మందు మరొకదానికి పనిచేయదు. మందు మీద మందు మార్చుకుంటూ పోతే ఆ లోపు పొదుగు చెడిపోతుంది.

ల్యాబులో మీ పాలను రక్తం కలిపిన అగార్ (బాక్టీరియాను పెంచే జెల్లీ లాంటి పదార్థం) పళ్లెం మీద సన్నగా గీసి, 37 డిగ్రీల సెల్సియస్ వద్ద 24 నుంచి 48 గంటలు ఉంచుతారు. పెరిగిన బాక్టీరియాను స్లైడు మీద పూసి గ్రామ్ రంజనం, అంటే రంగులు వేసి రకం గుర్తించే పరీక్ష, చేస్తారు. డెన్మార్క్ వైద్యుడు హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ 1884లో ప్రకటించిన ఈ పద్ధతే నేటికీ మొదటి మెట్టు. ఊదా రంగు వేసి, అయోడిన్ పట్టించి, ఆల్కహాలుతో కడుగుతారు. కణకవచం మందంగా ఉన్న గ్రామ్ పాజిటివ్ రకాలు ఊదా రంగును వదలవు. గ్రామ్ నెగటివ్ రకాలు దాన్ని వదిలేసి, తర్వాత వేసే సాఫ్రనిన్‌తో గులాబీ రంగుకు మారతాయి. మందు ఎంపిక ఇక్కడే మొదలవుతుంది. పెన్సిలిన్ దెబ్బకొట్టేది కణకవచం నిర్మాణాన్ని. గ్రామ్ నెగటివ్ రకాలకు బయట మరో పొర ఉండటం వల్ల మామూలు పెన్సిలిన్ లోపలికి సరిగా చేరదు.

ఊదా రంగులో గుండ్రటి కణాలు కనిపిస్తే వాటి మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేస్తారు. వెంటనే బుడగలు పొంగితే స్టెఫైలోకాకస్, పొంగకపోతే స్ట్రెప్టోకాకస్ అని అనుకోవచ్చు. బుడగలు వచ్చినదాన్ని కుందేలు ప్లాస్మాలో (రక్తంలోని ద్రవ భాగం) కలిపి చూస్తారు. నాలుగు గంటల్లోనో, మరుసటి రోజుకో ప్లాస్మా గడ్డకడితే అది చాలావరకు స్టెఫైలోకాకస్ ఆరియస్. మీరు చెప్పిన తీరు చూస్తే నా అనుమానం దీని మీదే. ఇది పొదుగు కణజాలంలో లోతుగా చేరి చిన్న చిన్న చీముగడ్డల్లో దాక్కుంటుంది. మందు అక్కడికి సరిగా అందదు కాబట్టి తగ్గినట్టే తగ్గి తిరగబెడుతుంది. అదే స్ట్రెప్టోకాకస్ అగలాక్టియే అయితే పెన్సిలిన్‌కు సాధారణంగా బాగా లొంగుతుంది. పేడ, తడి నేల నుంచి వచ్చే ఈ.కోలై అనే బాక్టీరియా, మెకాంకీ అగార్ అనే మరో రకం పళ్లెం మీద గులాబీ రంగులో పెరుగుతుంది.

పేరు తేలాక ఏ మందుకు లొంగుతుందో చూసే సెన్సిటివిటీ పరీక్ష కూడా తప్పక అడగండి. బాక్టీరియా పూసిన పళ్లెం మీద పెట్టిన మందు బిళ్లల చుట్టూ అది పెరగని వలయాన్ని మిల్లీమీటర్లలో కొలిచి, ఆ మందుకు నిర్ణయించిన ప్రమాణంతో పోలుస్తారు. పెద్ద వలయం ఉన్నదే మంచి మందు అనుకోకండి, ఒక్కో మందుకు కొలత వేరు.

ఇంత పరీక్షా మీరు తీసే నమూనా మీదే ఆధారపడుతుంది. కొత్తగా మందు వేయకముందే పాలు తీయాలి. ఇప్పటికే వేసి ఉంటే మందు పేరు, చివరిసారి వేసిన తేదీ చీటీలో రాయండి. చేతులు కడుక్కుని, చన్నులు కడిగి పూర్తిగా తుడవండి. తర్వాత 70 శాతం ఆల్కహాలులో ముంచిన దూదితో చన్ను కొనను, దూది మీద మురికి కనబడనంత వరకు రుద్దాలి. నాలుగు చన్నుల పాలూ తీస్తుంటే, మీకు దూరంగా ఉన్నవాటిని ముందు శుభ్రం చేసి, దగ్గరగా ఉన్నవాటి పాలు ముందు తీయండి. లేకపోతే తుడిచిన చన్నుకు చేయి తగులుతుంది. మొదటి రెండు మూడు ధారలు వేరే పాత్రలో పడనిచ్చి, శుద్ధి చేసిన సీసాను ఏటవాలుగా పట్టుకుని పాలు పట్టండి. మూత లోపలి భాగం ముట్టుకోవద్దు. ఏ చన్నువో రాసి, ఐసులో పెట్టి అదే రోజు పంపండి. ఒకే నమూనాలో మూడు నాలుగు రకాలు పెరిగాయంటే చాలావరకు బయటి మురికి కలిసిందని అర్థం.

ఫలితం కోసం చికిత్స ఆపనక్కర్లేదు. నమూనా తీసిన వెంటనే డాక్టరు గారు మందు మొదలుపెట్టి, రిపోర్టు వచ్చాక అవసరమైతే మారుస్తారు. ఆ చన్ను పాలు ఎవరూ వాడకూడదు, దూడకూ తాగించవద్దు.

"పెరుగుదల లేదు" అని వచ్చినా నిరాశపడకండి. స్టెఫైలోకాకస్ ఆరియస్ పాలలోకి రోజూ ఒకేలా రాదు, మరోసారి పంపండి. అదేనని తేలితే ఈ గేదెను మిగతా వాటి తర్వాత, చివరన పితకండి.