గోధుమ పడని పిల్ల పండగకొస్తే కుకీలకు ఏ పిండి వాడాలి?

క్రిస్మస్‌కి మీ ఇంటికొచ్చే పిల్లల్లో ఒకరికి గోధుమ పడదని, కుకీలకు ఏ పిండి మంచిదని అడిగారు. పిండి సంగతి చెప్తాను కానీ, ముందు ఒక మాట. ఆ ఒక్క బిడ్డ కోసం నాలుగు కుకీలు విడిగా చేసి వేరే ప్లేటులో పెట్టకండి. ఆ రోజు మీరు చేసేవన్నీ ఆ బిడ్డ తినగలిగేవే అయ్యుండాలి.

మా చెల్లెలి కూతురికి గోధుమ, గుడ్డు, బాదం, జీడిపప్పు ఏవీ పడవు. ఏ విందుకెళ్లినా దానితోపాటు మూతపెట్టిన డబ్బా ఒకటి వెళ్లాల్సిందే. మిగతా పిల్లలు ప్లేటు చుట్టూ మూగి ఏది తీసుకోవాలా అని కొట్టుకుంటుంటే, ఇది ఓ పక్కన డబ్బా తెరుచుకుని కూర్చునేది. చూడలేక ఒక క్రిస్మస్‌కి మైదాను వంటింట్లోకే రానివ్వలేదు. రెండు పాళ్లు జొన్నపిండి, ఒక పాలు మెత్తటి బియ్యప్పిండి, ఒక పాలు టాపియోకా స్టార్చ్ (కర్రపెండలం పిండి) కలిపాను. గుడ్డుకు బదులు ఒక పెద్ద స్పూను అవిసె గింజల పొడిని అలాంటి మూడు స్పూన్ల నీళ్లలో నానబెట్టాను.

గ్లూటెన్ అంటే గోధుమలో ఉండే, ముద్దను సాగనిచ్చే ప్రోటీన్. అది లేని ముద్ద సాగదు. నక్షత్రాలు కోసి ఎత్తబోతే మొనలు విరిగిపోతాయి. అందుకని ముద్దను రెండు బటర్ పేపర్ల మధ్య పెట్టి ఒత్తి, అలాగే ఫ్రిజ్‌లో పెట్టాలి. గట్టిపడ్డాక పై పేపరు తీసి అచ్చు వేసి, కుకీని కదపకుండా చుట్టూ ఉన్న పిండినే తీసేయాలి. కింది పేపరుతో సహా ట్రేలోకి జరపడమే. ఆ పిండి తీసే పని మా చెల్లెలి కూతురికే అప్పజెప్పాను. ఊపిరి బిగబట్టి, నాలుక కొస బయటపెట్టి, ఒక్కో మొన దగ్గరా వేళ్లతో మెల్లగా లాగింది.

మర్నాడు పిల్లలంతా మూగితే అదీ మధ్యలో దూరింది. చెయ్యి చాపి, ఆగి, నా వైపు చూసింది. "ఏది కావాలంటే అది తీసుకోవే" అన్నాను. "ఇది కూడానా పెద్దమ్మా? ఇది?" అంటూ ప్లేటంతా వేలు పెట్టి చూపిస్తూ అడిగింది. మిగతా పిల్లల్లో ఒక్కరూ ఇందులో మైదా లేదేమని అడగలేదు. రుచి తేడాగా ఉంటుందన్నది పెద్దవాళ్ల భయమే, పిల్లలకు పట్టదు.

బియ్యప్పిండి ఇసకలా తగులుతుందంటారు. కలిపిన ముద్దను అరగంట వదిలేయండి, తడి పీల్చుకుని మెత్తబడుతుంది. మరీ పొడిపొడిగా రాలుతుంటే కప్పు పిండికి పావు టీస్పూను శాంథన్ గమ్ (ముద్దను పట్టి ఉంచే జిగురు పొడి) చాలు. కప్పులతో కాకుండా తూకంతో కొలవండి, ఒక్కో పిండి బరువు ఒక్కోలా ఉంటుంది.

ఎవరినడిగినా బాదం పిండి వాడమంటారు, నాకు ఒళ్లు మండుతుంది. ఒక అలర్జీ తప్పించబోయి ఇంకో అలర్జీని ఇంటికి తెచ్చుకోవడం కాదా అది? ఓట్స్ అయితే గోధుమతోపాటే పండించి, అదే మిల్లులో ఆడించే అవకాశం ఉంది. గోధుమ కలవలేదని ప్యాకెట్ మీద రాసి ఉంటేనే కొనండి. స్పెల్ట్ అని అమ్మేది కూడా గోధుమే. ఇంకో చిక్కు, గ్లూటెన్ ఫ్రీ అని రాసినంత మాత్రాన గోధుమ అలర్జీ ఉన్నవాళ్లకు పనికొస్తుందని కాదు. గ్లూటెన్ తీసేసిన గోధుమ స్టార్చ్ అలాంటి వాటిలో ఉండొచ్చు. గ్లూటెన్ వల్ల పేగులు దెబ్బతినే సీలియాక్ జబ్బు వేరు, గోధుమ అలర్జీ వేరు. ఈ తేడా ప్యాకెట్ ముందు వైపు పెద్ద అక్షరాల్లో ఎందుకు రాయరో!

"కొంచెం తింటే ఏమవుతుందిలే" అనే చుట్టం ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. ఆ కొంచానికే ఊపిరాడక ఆసుపత్రికి పరిగెత్తాల్సి రావచ్చు. అలాంటివాళ్లకు వంటింటి పని అప్పజెప్పకండి. పాత జల్లెడ, చెక్క అప్పడాల కర్ర వాడొద్దు, సందుల్లో మైదా ఇరుక్కుని ఉంటుంది. చేతులు సబ్బుతోనే కడుక్కోవాలి, శానిటైజర్ అలర్జీ కారకాలను పోగొట్టదు.

పిండి కొనకముందే ఆ బిడ్డ తల్లికి ఫోన్ చేసి ఏమేం పడవో పూర్తిగా కనుక్కోండి. వాడిన ప్యాకెట్లన్నీ పారేయకుండా ఉంచండి, ఆవిడ వచ్చాక ఒకసారి చదువుకుంటుంది.