అందరూ "సరే మేడమ్" అనేవాళ్లే, నిజంగా మారేదెవరో ఎట్లా తెలుస్తుంది?

సుఖవ్యాధుల క్లినిక్‌లో కౌన్సెలర్‌గా కొత్తగా చేరాననీ, కండోమ్ వాడమంటే అందరూ తలూపి మళ్లీ అదే జబ్బుతో వస్తున్నారనీ రాశారు. కర్నూలులో నాదీ ఇదే ఉద్యోగం. మొదటి ఏడాది ఆ తలూపుళ్లన్నీ నమ్మి రిజిస్టర్‌లో రాసుకున్నాను. "సరే మేడమ్" అంటే "ఇంక నన్ను వదిలేయండి" అని తర్వాత అర్థమైంది.

ఇప్పుడు రెండు ప్రశ్నలు విడివిడిగా అడుగుతాను. వాడటం ఎంత అవసరమనిపిస్తోంది? వాడగలనని ఎంత నమ్మకం? ట్రైనింగ్‌లో సున్నా నుంచి పది దాకా అడగమంటారు, మా దగ్గర రూపాయి లెక్క బాగా నడుస్తుంది: అసలు లేకపోతే సున్నా, పూర్తిగా ఉంటే రూపాయి. పావలా అన్నారనుకోండి, "అంత తక్కువేంటి?" అంటే సాకులు మొదలవుతాయి. "అసలు లేదనకుండా పావలా ఎందుకన్నావన్నా?" అంటే వాళ్ల కారణం వాళ్లే చెప్తారు.

నలభై నాలుగో హైవే మీద తిరిగే లారీ డ్రైవర్ ఒకాయన అవసరం రూపాయికి రూపాయి, నమ్మకం పావలా అన్నాడు. ఎందుకంటే, "యాడ పెట్టుకోవాల మేడమ్? పర్సులో పెడితే ఇంట్లో చూస్తాది. డ్యాష్‌బోర్డు మీద దేవుడి పటముంది." నేనేమో అప్పటిదాకా అరగంట ఎయిడ్స్ గురించి చెప్పాను! ఎండకు రబ్బరు పాడవుతుందని చెప్తే, బట్టల సంచిలో అడుగున, ఒక ట్రిప్పుకు సరిపడా పెట్టుకుంటానని ఆయనే తేల్చాడు.

ఎవరితో అన్నది కూడా విడిగా అడగండి. బయట తప్పకుండా వాడే మనిషి భార్య దగ్గర వాడడు, అనుమానపడుతుందని.

ట్రైనింగ్‌లో చెప్పే మార్పు దశలు, అంటే మనిషి మారడానికి ఎంత సిద్ధంగా ఉన్నాడో చెప్పే మెట్లు, ప్రొచాస్కా, డిక్లెమెంటే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1980లలో సిగరెట్ మానేవాళ్లను గమనించి రాసినవి. సిగరెట్ ఒక్కరు తలుచుకుంటే మానొచ్చు. ఇక్కడ ఇద్దరు ఒప్పుకోవాలి. ఆదోని వైపు నుంచి వచ్చిన ఒకామె భర్త సుగ్గికి (కోతల కాలంలో వలస కూలికి) గుంటూరు పోయొచ్చాక తెల్లబట్టతో బాధపడుతోంది. "నాకు రూపాయే మేడమ్, ఆయప్పను అడగండి" అంది. అలాంటామెను "సిద్ధంగా లేదు" అని రాస్తే అన్యాయం. అది సుఖవ్యాధి అయితే, భర్తకూ మందులు వేయకపోతే జబ్బు తిరిగి రావచ్చు. అయితే ఆయన్ని పిలిపించే ముందు, పిలిస్తే ఇంట్లో దెబ్బలు పడతాయా అని ఆమెనే అడగండి.

తిరిగొచ్చినప్పుడు "వాడారా?" అనకండి, అవుననేస్తారు. "ఏ రోజు కుదర్లేదు?" అని అడగండి.