న్యూటన్ ఇటరేషన్లు కుదరకపోతే ముందు బీ-హెచ్ కర్వ్ చివర చూడండి

10 మి.మీ. స్టీల్ ప్లేటులో 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రాన్ని కంప్యూటర్‌లో లెక్కగడుతుంటే, 2 మి.మీ. మెష్‌తో (ప్లేటును చిన్న ముక్కలుగా, అంటే ఎలిమెంట్లుగా, విడగొట్టిన అల్లిక), కరెంటు పెంచగానే న్యూటన్ ఇటరేషన్లు (జవాబును అంచెలంచెలుగా సరిదిద్దుకుంటూ వెళ్లే లెక్కలు) అటూ ఇటూ ఊగి ఆగిపోతున్నాయన్నారు కదా. సాల్వర్‌ని (ఆ లెక్కలు చేసే ప్రోగ్రామ్‌ని) తిట్టుకోకండి. మీ బీ-హెచ్ పట్టికలో (క్షేత్రం హెచ్ పెరిగేకొద్దీ స్టీల్‌లో ఫ్లక్స్ సాంద్రత బీ ఎంతో చెప్పేది) చివరి రెండు పాయింట్ల దగ్గర బీ కాస్త తగ్గింది. కొలతలో వచ్చిన చిన్న తేడాయే కావచ్చు, కానీ న్యూటన్ పద్ధతి నడిచేది కర్వ్ వాలు మీద. అది మైనస్‌లోకి పోతే ఇక అంతే సంగతులు. (ఇదే తప్పుతో నాకో వారం పోయింది.) ఆ రెండు పాయింట్లూ తీసేసి, వాలు మెల్లగా మ్యూ నాట్‌కి (శూన్యంలో ఉండే బీ-హెచ్ వాలుకి) దిగేలా కర్వ్‌ని పొడిగించండి. అప్పటికీ ఊగితే డ్యాంపింగ్ (ఒక్కో సవరణలో ఎంత భాగం తీసుకోవాలో చెప్పే సంఖ్య) 0.5 పెట్టి చూడండి.

ఇక మెష్. సాపేక్ష పర్మియబిలిటీ (స్టీల్ బీ-హెచ్ వాలు శూన్యానికి ఎన్ని రెట్లో) 1000, వాహకత మీటరుకు 50 లక్షల సీమెన్స్ అనుకుంటే స్కిన్ డెప్త్ (క్షేత్రం, కరెంటు ఉపరితలం నుంచి లోపలికి చొచ్చుకుపోయే లోతు) దాదాపు 1 మి.మీ. మీ ఒక్క ఎలిమెంటే దానికి రెట్టింపు! ఉపరితలం దగ్గర 0.2 మి.మీ.తో మొదలుపెట్టి లోపలికి పెంచుకుంటూ వెళ్లండి.

హార్మోనిక్ సాల్వర్ అన్నీ సైన్ వేవ్‌లే అనుకుంటుంది. శాచురేషన్‌లో (హెచ్ పెంచినా బీ పెద్దగా పెరగని స్థితిలో) మూడో హార్మోనిక్ (మూడు రెట్ల ఫ్రీక్వెన్సీ తరంగం) వచ్చేస్తుంది కాబట్టి నష్టాలు కచ్చితంగా కావాలంటే ట్రాన్సియెంట్ (కాలాన్ని చిన్న స్టెప్పులుగా విడగొట్టి చేసే లెక్క) చేయాల్సిందే. సైకిల్‌కి కనీసం 40 స్టెప్పులు పెట్టండి, మొదటి రెండు మూడు సైకిళ్లు లెక్కలోకి తీసుకోకండి.