బల్లార్షాలో రైళ్ళ ఫొటోలు తీయడానికి ఎక్కడ, ఏ వేళ నిలబడాలి?

ఉద్యోగరీత్యా కొత్తగా మహారాష్ట్రలోని చంద్రపూర్ వచ్చాననీ, ఆదివారాలు బల్లార్షాలో రైళ్ళ ఫొటోలు తీయాలని ఉందనీ, చోటూ వేళా చెప్పమనీ అడిగారు. మా నాన్నగారు బొగ్గుగని పనికి కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. నేను పన్నెండేళ్ళుగా కెమెరా పట్టుకుని ఈ పట్టాల దగ్గర తిరుగుతున్నాను. మీరు ఎక్స్‌ప్రెస్ బళ్ళ కోసమే వచ్చినా, ఈ ఊరి ముఖం మీకు కనబడేది గూడ్సు బండిలోనే అని నా నమ్మకం.

కాజీపేట–బల్లార్షా లైను 1929లో పూర్తికావడంతో ఢిల్లీ నుంచి మద్రాసుకు నేరుగా దారి పడింది. మధ్య రైల్వే ఇక్కడ ముగిసి దక్షిణ మధ్య రైల్వే మొదలవుతుంది. గోందియా నుంచి వచ్చే లైను ఆగ్నేయ మధ్య రైల్వేది. అందువల్ల గ్రాండ్ ట్రంక్, తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లూ, 2024 సెప్టెంబరులో మొదలైన నాగపూర్–సికింద్రాబాద్ వందే భారత్, గోందియా పాసింజరు, వీటి మధ్యలో బొగ్గు ర్యాకులు (వరుసగా తగిలించిన వ్యాగన్ల గూడ్సు బళ్ళు), అన్నీ ఒకేచోట దొరుకుతాయి.

లైను ఇక్కడ ఇంచుమించు ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది కనుక ఉదయం తూర్పు పక్కన, సాయంత్రం పడమటి పక్కన నిలబడాలి. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి నాగపూర్ నుంచి కాజీపేట వైపు వెళ్ళే ఇంజను ముఖం మీద చక్కని ఎండ పడుతుంది. ఎదురు దిశలో వచ్చేదాని ముఖం నీడలో ఉండిపోతుంది, దానిని మబ్బు పట్టిన రోజున తీయడం మేలు. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 45 డిగ్రీలు దాటినప్పుడు పట్టాల మీద గాలి అలలుగా కదిలి, ఎంత మంచి లెన్సు పెట్టినా దూరపు ఇంజను నీళ్ళలో తేలుతున్నట్టు వస్తుంది. ఆ రోజుల్లో ఉదయం ఎనిమిదిలోపే పని ముగించండి, లేదా బండి బాగా దగ్గరకు వచ్చేదాకా ఆగండి.

గూడ్సుకు టైంటేబుల్ లేదు, చెవితో పట్టుకోవాలి. ఖాళీ వ్యాగన్లు రేకు డబ్బాల్లా మోగుతూ వస్తాయి. బొగ్గు నిండిన ర్యాకు బరువుగా, ఒకే తూకంలో, కాళ్ళ కింద నేల అదిరేలా వస్తుంది. సుమారు 58 వ్యాగన్లు, 600 మీటర్లకు పైగా పొడవు; ఇంజను దాటగానే కెమెరా దించకండి. అంచులు దాటి కుప్పగా నిలిచిన బొగ్గు సాయంత్రపు ఏటవాలు ఎండకు మెరుస్తుంది, చివరన బ్రేకు వ్యాన్ అరుగు మీద పచ్చ జెండా పట్టుకుని గార్డు నిలబడి ఉంటాడు. నాకు అన్నిటికంటే ఇష్టమైన ఫొటో అదే. నల్లటి వ్యాగన్లను చూసి కెమెరా వెలుతురు ఎక్కువ తీసుకుంటుంది కనుక ఎక్స్‌పోజరు ఒక మెట్టు (స్టాప్) తగ్గించండి. వాటికి షట్టరు వేగం 1/500 సెకను చాలు, ఎక్స్‌ప్రెస్‌కు 1/1000 కావాలి.

చోటు విషయంలో, మొదటి నెల స్టేషనులోనే గడపండి: ప్లాట్‌ఫారం టికెట్టు కొని, డ్యూటీలో ఉన్న స్టేషన్ మాస్టరు గారికి ఒక మాట చెప్పి, పాదచారుల వంతెన మీద నిలబడండి. పైనుంచి తీగలు అడ్డు రాకుండా, లోపలి లైన్లలో నిలిపిన ర్యాకులు వరుసగా కనబడతాయి. కొన్నేళ్ళ క్రితం నేను కంకర మీదికి దిగి ఎదుటి గూడ్సుకు గురిపెడుతుండగా పక్క లైనులో వెనకనుంచి మరో బండి వచ్చింది. పట్టాల మరమ్మతు చూసే గ్యాంగ్‌మన్ ఒకాయన భుజం పట్టి లాగకపోతే ఈ జవాబు రాసేవాణ్ణి కాదు. రెండు బళ్ళ మోతలో రెండోది వినబడదు. పట్టాల మీదికి అనుమతి లేకుండా దిగితే రైల్వే చట్టం 147వ సెక్షను కింద ఆరు నెలల వరకు జైలు గానీ వెయ్యి రూపాయల వరకు జరిమానా గానీ రెండూ గానీ పడవచ్చు. పై తీగల్లో 25,000 వోల్టులు ఉంటాయి కనుక సెల్ఫీ కర్ర తీసుకురావద్దు. రాత్రిపూట ఫ్లాష్ మాత్రం అసలు వాడకండి; ఆ వెలుగు నేరుగా లోకో పైలట్ కళ్ళలో పడుతుంది.